రాతి పొర ఏ గోడకు కావాలి?

బోథ్‌లోనూ, చుట్టుపక్కల ఇచ్చోడ, నేరడిగొండల్లోనూ స్లాబు ఇల్లు కట్టుకునేవారి లెక్కల్లో ఇప్పుడు ‘ఎలివేషన్’ అని ఒక పద్దు చేరింది. ఇల్లు పూర్తయ్యాక ముందుగోడకు అంగుళం లోపు మందమున్న రాతి పలకలు అతికించడం అందులో పెద్ద ఖర్చు. కరీంనగర్ గ్రానైట్, తాండూరు బండ, కడప నల్లరాయి, రాజస్థాన్ ఇసుకరాయి, సిమెంటుతో పోతపోసి రంగు కలిపిన కృత్రిమ రాయి, ఏదైనా సరే మేస్త్రీలకు అది క్లాడింగే. ఇదంతా దండగ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. రాయి పెడితే ఇల్లు చల్లగా ఉంటుందని, గోడ గట్టిపడుతుందని నమ్మి అప్పు చేసి పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో రెండూ సరికావు. రాతి పొర ఒక పని చాలా బాగా చేస్తుంది. వాన జల్లు, బురద, రాపిడి, దెబ్బ తగిలేచోట గోడను కాపాడుతుంది. అయితే ఆ పని ఇంటి ముఖం మీద కంటే ఇంటి అడుగున, ఎవరూ చూడని పడమటి వైపున ఎక్కువగా ఉంటుంది. మనం రాయిని అవసరమున్న చోట మానేసి, అవసరం తక్కువున్న చోట పెడుతున్నాం.

పలుచని రాయిని గోడకు తొడగడం కొత్త మోజు అనుకుంటే పొరపాటు. రెండు వేల ఏళ్ల కిందట అమరావతి, ఆ తర్వాత నాగార్జునకొండ స్తూపాలు కట్టినవాళ్లు లోపల ఇటుకలూ మట్టీ నింపి, పైన పల్నాటి సున్నపురాతి పలకలు నిలిపి, వాటి మీద శిల్పం చెక్కారు. తాజ్‌మహల్ కూడా లోపల ఇటుక కట్టడమే, పాలరాయి పైపొర. మంచి రాయి దొరకడం కష్టం, మోయడం ఇంకా కష్టం కాబట్టి దాన్ని కంటికి కనిపించే మేరకే వాడారు. ఆ పొదుపు ఇప్పటికీ తీసిపారేయదగింది కాదు. ఒక ఘనమీటరు గ్రానైట్‌ను 2 సెంటీమీటర్ల పలకలుగా కోస్తే, రంపం తినేది లెక్కించకపోతే 50 చదరపు మీటర్ల దాకా పరుచుకుంటుంది. అదే రాయితో అడుగున్నర మందం గోడ కడితే రెండు చదరపు మీటర్లకు కాస్త పైన మాత్రమే వస్తుంది. కరీంనగర్ చుట్టూ గుట్టలు క్వారీలకు ఎలా కరిగిపోయాయో చూసినవాళ్లకు ఈ లెక్క చిన్నది కాదు. అయితే అమరావతి నుంచి నేర్చుకోవలసింది మరొకటి కూడా ఉంది. 18వ శతాబ్దం చివర్లో స్థానికంగా కట్టడాల కోసం స్తూపాన్ని తవ్వి రాళ్లు ఎత్తుకుపోయారు. మిగిలిన పలకలు తర్వాతి కాలంలో మద్రాసు, లండన్ మ్యూజియాలకు చేరాయి. పలకలు ఊడిపోయినచోట మిగిలింది మట్టిదిబ్బ. పైపొర ఎంత గొప్పదైనా లోపలి కట్టడానికి బలం ఇవ్వదు. దాని మీద ఆధారపడి నిలుస్తుంది, అంతే.

ఇక చల్లదనం సంగతి. ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. జైనథ్‌లోని నల్లరాతి గుడిలోకి మే నెల మధ్యాహ్నం అడుగుపెడితే హాయిగా ఉంటుంది. ఆ హాయి రాయి అనే పదార్థం వల్ల వచ్చింది కాదు, మందం వల్ల వచ్చింది. అంతంత మందమున్న రాతి గోడ పగలంతా తాగిన ఎండ లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. గ్రానైట్ నిజానికి వేడిని ఇటుక కంటే సుమారు మూడు రెట్లు త్వరగా లోపలికి పంపుతుంది. 2 సెంటీమీటర్ల గ్రానైట్ పలక వేడిని ఆపేది పావు అంగుళం ఇటుక ఆపేటంతే. తొమ్మిది అంగుళాల గోడకు పావు అంగుళం కలిపితే ఇంట్లో కూర్చున్నవాళ్లకు తేడా ఏం తెలుస్తుంది? పైగా రంగు ఉంది. కొత్తగా వేసిన తెల్లసున్నం మీద పడిన ఎండలో ముప్పావు వంతు దాకా వెనక్కి పోతుంది. ముదురు గ్రానైట్ అయితే దాదాపు ఐదింట నాలుగు వంతుల ఎండను తనలోకి పీల్చుకుంటుంది. ఎండలు 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్ జిల్లాలో సున్నం గోడను నల్లరాతితో కప్పడమంటే ఇంటిని చల్లబరచడం కాదు, వేడెక్కించడం. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ ఈ సూత్రం మీదే. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పైకప్పు ఇంటికి మేలు చేస్తుంది. వేసవి నడినెత్తి ఎండ గోడల కంటే స్లాబు మీద ఎక్కువ పడుతుంది కాబట్టి చల్లదనం కోసం ఖర్చు పెట్టదలచుకున్నవాళ్లు మొదట పైకి చూడాలి. పెద్ద పెద్ద భవనాలకు ఉక్కు చట్రం బిగించి, గోడకూ రాయికీ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలి పలకలు తగిలిస్తారు కదా, అవి చల్లగానే ఉంటాయి కదా అంటే, నిజమే. అక్కడ పని చేసేది ఆ ఖాళీ. ఒక అంతస్తు ఇంటికి అదే ఫలితాన్ని వెడల్పాటి సజ్జ, వరండా, గోడ పక్కన పెరిగే వేపచెట్టు చాలా తక్కువ ఖర్చుతో ఇస్తాయి.

దిక్కుల విషయం దీనికంటే ముఖ్యమైనది. మనవైపు వీలైతే ఇల్లు తూర్పు ముఖంగా కట్టుకుంటారు. అంటే రాయి తొడిగే ముందుగోడకు పొద్దుటి లేత ఎండ తగులుతుంది. సాయంత్రం దాకా కాలేది పడమటి గోడ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి జల్లును విసిరికొట్టేది కూడా పడమటి, దక్షిణపు గోడల మీదే. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతంలో ఆ రెండు గోడలు నాలుగు నెలలు నానుతాయి. పెచ్చులు ఊడేదీ, నాచు పట్టేదీ, లోపలి సున్నం ఉబ్బేదీ అక్కడే. ఆ గోడలకు చాలా ఇళ్లలో రాయి మాట అటుంచి, సరైన ప్లాస్టరింగ్ కూడా ఉండదు. మిగిలిన సిమెంటుతో ఒక చేయి పూసి వదిలేస్తారు. వెనకగోడకు రెండు చేతుల ప్లాస్టరింగ్, మంచి సజ్జలు, అడుగున రాతి పట్టీ వేయించిన ఇల్లు, ముందుగోడ మొత్తం రాతితో మెరిసే ఇంటి కంటే ఎక్కువ ఏళ్లు ఆరోగ్యంగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అడుగు భాగం ఎందుకంత ముఖ్యమో పాత ఇళ్లే చెబుతాయి. మట్టిగోడల ఇళ్లకు కింద జాజు పట్టీ, పైన సున్నం వేసేవారు. వాన చినుకు నేలను తాకి ఎగిరినప్పుడు అడుగు, అడుగున్నర ఎత్తు దాకా బురద చిమ్ముతుంది. గోడకు మేకలు రాసుకునేది, సైకిలు ఆనించేది, పిల్లలు బంతి కొట్టేది కూడా ఆ ఎత్తులోనే. పండగ పండగకూ మళ్లీ పూసుకోవడానికి వీలుగా ఆ భాగాన్ని వేరు చేసి ఉంచారు. ఆ పట్టీ స్థానంలో నేడు రాయి వస్తే అది సింగారమూ అవుతుంది, కాపలా కూడా కాస్తుంది. కొలిచి చూడండి. 25 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న ఇంటికి చుట్టుకొలత 90 అడుగులు. నాలుగు వైపులా రెండడుగుల ఎత్తు రాయి పెడితే 180 చదరపు అడుగులు. పిట్టగోడతో కలిపి 13 అడుగుల ఎత్తున్న ముందుగోడను నిండా కప్పితే తలుపు, కిటికీలు పోగా 270 చదరపు అడుగుల పైమాటే. ఇంటి చుట్టూ పట్టీ కట్టడానికి ముఖం ఒక్కటి కప్పడం కంటే తక్కువ రాయి పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటేస్తే పై మాటలన్నీ వృథా. పైనుంచి పడి చిమ్మే తడి వేరు, నేలలోంచి గోడలోకి ఎక్కే చెమ్మ వేరు. మొదటిదాన్ని రాయి ఆపుతుంది. రెండోదాన్ని దాచిపెట్టి పెంచుతుంది. బేస్‌మెంట్ మీద తేమ ఎక్కకుండా వేసే పొర లేని పాత ఇళ్లలో గోడ నేల నీళ్లను పీల్చి, బయటి ముఖం నుంచి ఆవిరిగా వదులుతుంది. అందుకే అడుగున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఆ ముఖాన్ని గ్రానైట్‌తో మూసేస్తే చెమ్మకు దారి ఉండదు. అది రాయి పైఅంచు దాటేదాకా ఎక్కుతుంది, లేదంటే ఇంటి లోపలి వైపుకు తిరుగుతుంది. గోడ మీద ఉప్పు పొర కనిపిస్తున్నంతకాలం రాయి జోలికి పోకూడదు. ముందు ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు చేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1937లో పేటెంటు పొందిన ఫామ్‌స్టోన్ అనే నకిలీ రాతి పూతను వేలాది ఇటుక ఇళ్లకు తొడిగారు. కొన్ని దశాబ్దాల తర్వాత చాలామంది దాన్ని తిరిగి ఊడబీకించారు. కొన్నిచోట్ల పొర వెనక తడి చిక్కుకుని ఇటుక పాడైంది. తడి గోడకు రాయి మందు కాదని చెప్పడానికి ఆ ఊరు మంచి సాక్ష్యం.

బోథ్ నేలలో ఇంకో సమస్య రేగడి. పత్తి బాగా పండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బాస్తుంది. లోతుగా పునాది తీయని ఇంటి గోడలు దాంతోపాటే కదులుతాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా లేచే పగుళ్లు ఈ కదలిక గుర్తులు. ఆ పగుళ్లు కనపడకుండా ఉంటాయని రాయి పెట్టించడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. 2 సెంటీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోల పైన తూగుతుంది. ముందుగోడ మొత్తానికి దాదాపు 14 క్వింటాళ్లు. కదిలే గోడకు అంత బరువు వేలాడదీస్తే ఒకనాడు పలక ఊడి గడప ముందు నిలబడ్డవాళ్ల మీద పడుతుంది. పగులుకు అటూ ఇటూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి, ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ చూడాలి. పెరగకపోతేనే ముందుకు పోవాలి.

అతికించే పద్ధతిలో జరిగే తప్పులకు కారణం పాత అలవాటు. నేల మీద తాండూరు బండ పరిచినట్టే గోడ మీద గ్రానైట్‌కు వెనక సిమెంటు ముద్దలు పెట్టి నొక్కుతారు. గ్రానైట్ నీళ్లను దాదాపు పీల్చదు, అందుకే మామూలు సిమెంటు పాలు దాన్ని పట్టుకోలేవు. ముద్దల మధ్య ఖాళీల్లో వాననీరు చేరుతుంది, చీమలూ తేళ్లూ కాపురం పెడతాయి. రాతికి, బయటి గోడకు పనికొచ్చే రకం అడెసివ్‌ను, సంచి మీద ఐఎస్ 15477 గుర్తు చూసి కొని, పలక వెనకంతా పళ్ల తాపీతో పూయించాలి. పెయింటు వేసిన గోడైతే పెయింటు చెక్కించి గాట్లు కొట్టించాలి. లేకపోతే రాయి పెయింటును పట్టుకుంటుంది, పెయింటు గోడను వదిలేస్తుంది. మనిషి ఎత్తు దాటితే తుప్పు పట్టని స్టీలు పిన్నులు కూడా వేయించడం మంచిది. పలకల మధ్య సందు వదలమంటే అందం పోతుందని చాలామంది ఒప్పుకోరు. కానీ 40 డిగ్రీల తేడాకు 25 అడుగుల గ్రానైట్ వరుస రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఎండలో కాలిన రాయి మీద మే నెల గాలివాన పడితే అది త్వరగా చల్లబడి కుంచించుకుంటుంది. సందు లేని వరుస ఎక్కడో ఒకచోట ఉబ్బి లేవక తప్పదు. ఇంకో మాట, పని అయ్యాక సిమెంటు మరకలకు యాసిడ్ కొట్టే అలవాటు ఉంది. తాండూరు, కడప రాళ్లు సున్నపురాళ్లు. యాసిడ్ వాటిని తినేస్తుంది.

రాయి పెడితే మళ్లీ మళ్లీ రంగులు వేసే ఖర్చు తప్పుతుంది కదా అని అడగవచ్చు. గ్రానైట్ విషయంలో చాలావరకు నిజమే. ఇసుకరాయి మాత్రం వానకు నల్లబడుతుంది, ఎగుడుదిగుడు పలకల అంచుల్లో దుమ్ము పేరుకుంటుంది, సందుల్లో నింపిన పూత కొన్నేళ్లకోసారి చూసుకోవాలి. కృత్రిమ రాయి తేలికే గానీ, అంచు చిట్లితే లోపలి సిమెంటు బయటపడుతుంది. పైగా రంగు ఆదా అనే వాదన అడుగు పట్టీకే బాగా నప్పుతుంది, ఎందుకంటే రంగు ముందుగా పాడయ్యేది అక్కడే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇల్లు కట్టడమంటే లాభనష్టాల లెక్కేనా? జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇంటికి నలుగురూ మెచ్చే ముఖం ఉండాలనుకోవడం తప్పా? తప్పు కాదు. పేదవాడి ఇంటికి అందం అక్కర్లేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నేను అడిగేదల్లా ఖర్చు వరసే. ఇందిరమ్మ ఇల్లు తీసుకోండి. ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, అదీ పని జరిగినకొద్దీ విడతలుగా. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఆ డబ్బు మీద సొంతంగా మరో 50 వేలు కలపగలిగిన కుటుంబం దాన్ని ముందుగోడ రాయికి పెడితే పునాది లోతు, సజ్జ వెడల్పు, పడమటి గోడ ప్లాస్టరింగ్‌లలో ఏదో ఒకటి తగ్గుతుంది. అవి ముందు పూర్తిచేసి, మిగిలినదానితో ఇంటి చుట్టూ లేతరంగు రాతి పట్టీ, దర్వాజకు రెండు పక్కలా పైదాకా రెండు నిలువు వరుసలు పెట్టించుకుంటే ముఖానికి అందమూ వస్తుంది, గోడకు రక్షణా దొరుకుతుంది. దర్వాజ పక్కన గోడ చేతులు తగిలి మాసేది కూడా కాబట్టి అక్కడ రాయి ఖర్చు వృథా కాదు.

ఇలా తక్కువ రాయి కావాలనుకునేవారికి కరీంనగర్ కటింగ్ యూనిట్ల దగ్గర పెద్ద పలకలు కోయగా మిగిలే ముక్కలు సరిపోతాయి. రెండడుగుల పట్టీకి నిండు పలకలు అక్కర్లేదు. ముక్కల మందం సమానంగా ఉందో లేదో చూసుకుని, ఒకే లోడులోంచి కొనాలి, ఎందుకంటే ఒక్కో క్వారీ బ్లాకుకు రంగు మారుతుంది. పని అయిన నెల తర్వాత, తొలి వానలు పడ్డాక మరోసారి, ప్రతి పలకనూ చిన్న కర్రతో తట్టి చూడాలి. డొల్లగా మోగినదాన్ని మేస్త్రి చేతికి చివరి విడత డబ్బు ఇవ్వకముందే తీయించి మళ్లీ పెట్టించుకోవాలి.