ప్రధాని కాకముందు పీవీ గారు

మొన్న ఆదివారం మా క్యారీ వేంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం తింటూ మిత్రులం మాట్లాడుకుంటుంటే పీవీ నరసింహారావు గారి ప్రస్తావన వచ్చింది. 1991 సంస్కరణలు, 2024లో భారతరత్న అందరికీ తెలిసినవే. "మరి రాష్ట్రంలో మంత్రిగా ఏం చేశారు?" అని ఒకాయన అడిగితే ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఎమ్మెస్ చేసి ప్రోగ్రాములు రాసుకునే నాకూ తెలియదు. ఇంటికొచ్చి చదివితే, ఆ జవాబు నా ఇంటర్ పుస్తకం అట్టమీదే ఉందని తెలిసింది.

పీవీ గారు 1921లో వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. కరీంనగర్ జిల్లా వంగరకు దత్తత వెళ్ళారు. 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యేగా గెలిచారు. 1962 నుంచి 1971 వరకు మంత్రిగా న్యాయం, దేవాదాయం, వైద్యం, విద్య వంటి శాఖలు చూశారు.

కాలేజీల్లో తెలుగులో పాఠం చెప్పాలంటే ముందు పుస్తకాలుండాలి, శాస్త్ర పదాలకు తెలుగు మాటలుండాలి. ఆ పనికోసమే ఆయన విద్యామంత్రిగా ఉండగా 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. మనలో చాలామంది ఇంటర్ గట్టెక్కింది ఆ పుస్తకాలతోనే కదా!

1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోని తొలి గురుకుల పాఠశాల మొదలైంది. చదువులో చురుకైన పేద పల్లెటూరి పిల్లలకు అక్కడే చదువు, తిండి, బస.

ఇంతవరకు ఎవరికీ కోపం రాలేదు. 1972లో భూపరిమితి తెచ్చారు. అయిదుగురున్న కుటుంబానికి నేల తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతే. ఆయనదీ భూస్వాముల కుటుంబమే. శాసనసభలోనూ పెద్ద రైతులకు కొదవలేదు.

అదే ఏడు అక్టోబరులో పాత హైదరాబాద్ రాజ్యపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే తెలంగాణలో ప్రభుత్వోద్యోగాలు స్థానికులకే. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. మంత్రులు రాజీనామా చేశారు. 1973 జనవరిలో పీవీ గారూ దిగిపోయారు. ఆయన్ని దించింది ముల్కీనా, భూములా అన్న వాదన ఇప్పటికీ ఉంది. భూపరిమితి చట్టం 1975లో అమలులోకి వచ్చేనాటికి ఆయన కుర్చీలో లేరు.

వీసా మీద బతికే మనకు "ఉద్యోగాలు స్థానికులకే" అన్న మాటలోని వేడి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగం, భూమి, ఈ రెండింటినీ తాకిన ముఖ్యమంత్రి పదిహేను నెలలకు మించి నిలవలేకపోయారు. ఆయన నాటిన బడి, పుస్తకం మాత్రం నిలిచాయి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు అటకమీది నా ఫిజిక్స్ పుస్తకం దులిపి తెచ్చుకోవాలి. గుడిలో ప్రశ్న వేసిన ఆయనకు చూపించాలి.