తాతయ్య తోలిన పందెం కారు

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో కంప్యూటరు ఆటలంటే మండిపడేవాణ్ణి. కూచున్న చోటినుంచి కదలకుండా ఆడేది ఆటేమిటని నా వాదం. అటువంటి నేను నిరుడు వేసవిలో ఒక ఆటకు కూచున్నాను. కూచున్న అర నిమిషంలో కారును గోడకు గుద్దేశాను!

ఇది జరిగింది అమెరికాలో, షార్లెట్ నగరంలో. మా అమ్మాయి కాపురం అక్కడే. కార్ల పందేలకు ఆ ఊరు పెట్టింది పేరు. పందేలలో దిగే జట్లలో చాలావాటి కార్ఖానాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అంచేత పధ్నాలుగేళ్ల మా మనవడికి ఆ పిచ్చి పట్టటంలో వింతేమీ లేదు. వాడి బల్లకు నిజం కారుకు ఉన్నట్టే స్టీరింగు చక్రం బిగించి ఉన్నది. కింద కాళ్లతో తొక్కే మీటలున్నాయి. ఆట పేరు ఐరేసింగ్. 2008లో వచ్చింది. నిజమైన పందెం బాటలను లేసరు కిరణాలతో కొలిచి, వాటి మిట్టపల్లాలు ఉన్నవి ఉన్నట్టుగా ఇందులో దింపారు.

నేను తోలింది స్టాక్ కారు. దుకాణంలో అమ్మే కారునే మార్పులు చెయ్యకుండా పందేనికి తేవాలని మొదట నియమం ఉండేది. అందుకే ఆ పేరు. ఈ పందేలు నడిపే నాస్కార్ అనే సంస్థ 1948లో పుట్టింది. మరుసటి ఏడు జూన్ 19న షార్లెట్‌లోనే ఒక మట్టి బాట మీద దాని మొదటి పెద్ద పందెం జరిగింది. గ్లెన్ డనవే అనేవాడు అందరికన్నా ముందు వచ్చాడు. కాని కారును పరీక్షిస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నవి! దొంగసారా రవాణా చేసేవాళ్లు బరువుకు కారు కుంగకుండా అలా మార్చుకునేవాళ్లట. డనవే గెలుపు చెల్లదన్నారు. లింకన్ కారులో రెండోవాడుగా వచ్చిన జిమ్ రోపర్‌కు బహుమతి దక్కింది. ఇప్పటి పందెం కార్లు పేరుకే స్టాక్ కార్లు. వాటిని పందేనికే ప్రత్యేకంగా తయారుచేస్తారు.

ఇక నా సంగతి. షార్లెట్ బాట చుట్టు ఒకటిన్నర మైళ్లు. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. "ఇంతేనా?" అనుకుని మీట అదిమి తొక్కాను. వేగం 200 కిలోమీటర్లు దాటింది. మలుపు వచ్చింది. "తాతయ్యా, కాలు తియ్యి, కాలు తియ్యి!" అని మనవడు అరుస్తూనే ఉన్నాడు. నేను చక్రం ఒక్క గుంజు గుంజాను. వెనక చక్రాలు జారి కారు బొంగరంలా తిరిగింది. చేతిలో చక్రం విదిలించుకున్నది. తర్వాత గోడ!

నిజం కారులో జారబోయే ముందు కూచున్నవాడి ఒంటికి తెలుస్తుంది. ఆటలో ఆ ఊపు తగలదు. కళ్లూ చేతులే కనిపెట్టాలి. ఇది దీనిలో లోపమే అంటాను నేను.

రెండోసారి నెమ్మదిగా వెళ్లి బాటను పరికించాను. మలుపుల్లో అది 24 డిగ్రీలు వాలి ఉన్నది. డేటోనా అనే చోట 31 డిగ్రీలట. జాతరల్లో చెక్కబావి గోడ మీద మోటారు సైకిలు తిప్పేవాణ్ణి మీరు చూసే ఉంటారు. ఇదీ అలాటిదే. మలుపులో కారు తిన్నగా పోవాలని చూస్తుంది. చదును నేల మీద దాన్ని లోపలికి తిప్పేది టైర్ల పట్టు ఒక్కటే. వాలు బాట అయితే తానే కారును లోపలికి నెడుతుంది.

మనవడు నాకు ఇంకొక చమత్కారం చూపాడు. ముందుకారు గాలిని చీల్చుకుపోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. అక్కడ దూరిన కారుకు అడ్డు తక్కువ. ఎదురుగాలిలో ఒకరి సైకిలు వెనక మరొకరు చేరటం లాటిదే. 1960లో డేటోనాలో జూనియర్ జాన్సన్ తన కారు మిగతావాటికన్నా మందమైనా, ఈ కిటుకుతోనే గెలిచాడు. అయితే మరీ దగ్గరగా పోతే మలుపులో ముందుచక్రాలకు పట్టు చాలదు.

ఆటలో గోడకు గుద్దుకుంటే ఒక మీట నొక్కి మళ్లీ బయలుదేరవచ్చు. 2001లో డేటోనా పందెం చివరి చుట్టులో గోడకు గుద్దుకుని డేల్ ఎర్న్‌హార్ట్ అనే మహా డ్రైవరు మరణించాడు. ఆ సంగతి మనవడికి నేను చెప్పబోతే, వాడే నాకు చెప్పాడు.

ఈ ఆటలో తప్పుల చిట్టా ఒకటున్నది. బాట దాటితే 1, అదుపు తప్పి తిరిగితే 2, మరొకరి కారును గట్టిగా తాకితే 4. గెలుపు ఒకటే చాలదు, చిట్టా బాగుంటేనే పై తరగతి. ఇది నాకు నచ్చింది. షార్లెట్ కుర్రవాడే విలియం బైరన్ మొదట ఇంట్లో ఈ ఆట ఆడి, తర్వాతనే నిజం కారు ఎక్కాడు. 2024లోనూ 2025లోనూ డేటోనా 500 పందెం గెలిచాడు.

కాని ఆ రాత్రి మనవడి కారును ఎవడో వెనకనుంచి గుద్దాడు. గుద్దినవాడికి 4, వీడికీ 4! తప్పెవరిదని ఆ చిట్టా అడగదు. "నా తప్పేముంది తాతయ్యా?" అన్నాడు వాడు, కళ్లనీళ్లు తిరుగుతుండగా.

నేను జవాబు చెప్పలేకపోయాను. బడిలో ఇద్దరు కొట్టుకుంటే విచారించకుండా ఇద్దరినీ ఎండలో నిలబెట్టేవాణ్ణి. అదే సమన్యాయం అనుకునేవాణ్ణి. ఏడో తరగతి కుర్రవాడొకడు, "నా తప్పేముంది మాష్టారూ?" అని సరిగ్గా ఈ గొంతుతోనే అడిగాడు. వాణ్ణి ఇంకో గంట నిలబెట్టాను.

మనవడికి ఆ సంగతి చెప్పాను. వాడు నాకేసి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. చక్రం ముందుకు తిరిగి ఇంకొక పందెంలో దిగాడు. పన్నెండోవాడుగా వచ్చాడు. చిట్టాలో సున్నా ఉన్నది. అది నాకు వేలుపెట్టి చూపించి, దీపం ఆర్పి పడుకున్నాడు.