చదువు కొరకు కలకత్తాకు

ఎచ్చెర్లలో పై చదువులకు తావు లేని కాలమును మేమెరుగుదుము. 1977లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి స్నాతకోత్తర కేంద్రము ఇచ్చట నెలకొన్నది. 2008లో అదియే డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనది. అంతకు పూర్వము ఈ ప్రాంతపు పిల్లలు పట్టము పుచ్చుకొన్న పిమ్మట వాల్తేరుకో, మదరాసుకో, కలకత్తాకో పోవలసినవారే. ఇప్పుడు విద్యాలయము ఇంటి ముంగిటనే యున్నది. అయినను మా అన్నగారి అమ్మాయి గణితములో ఎం.ఎస్సీ. కలకత్తాలో చదివెదనని పట్టుపట్టినది. అప్పుడు మా వదినగారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

"గుమ్మం ముందర ఇంత చదువుండగా, ఆ ఇరుకూరు ఎందుకు బాబూ?"

పేరు పొందిన విద్యాలయము గనుక అని అప్పటికి సమాధానము చెప్పితిమి. అది సరియైన సమాధానము కాదని తరువాత తెలిసినది. సరియైనది తెలియుటకు మా అమ్మాయి ఆ నగరమున రెండు మాసములు అగచాట్లు పడవలసి వచ్చినది. ఆ అగచాట్లలో సగము మా తెలివితక్కువ వలన కలిగినవే కావున, పిల్లలను అట్లు పంపదలచిన ఇండ్లవారికి మా అనుభవము ఉపకరింపవచ్చునని ఇది వ్రాయుచున్నాము.

మొదట ఇరుకు సంగతి. 2011 జనాభా లెక్కలను బట్టి నాటి శ్రీకాకుళం జిల్లాలో, అనగా 2022లో జిల్లాలు విడిపోకముందటి జిల్లాలో, చదరపు కిలోమీటరునకు సుమారు 460 మంది నివసించుచుండిరి. కలకత్తా నగరపాలక సంస్థ పరిధిలో అంతే నేలమీద సుమారు 24,000 మంది. మన వైపు ఒక్కరు మసలు చోట అచ్చట ఏబదిమంది మసలుదురన్నమాట. ఇది కేవలము జనము ఎక్కువగుట చేత కలిగినది కాదు. నగరమునకు పడమట హుగ్లీ నది, తూర్పున ఉప్పుటేళ్ళతో కూడిన చిత్తడినేల. ఈ రెంటి నడుమ ఆ ఊరు ఉత్తర దక్షిణములుగా సాగినదే గాని ప్రక్కలకు పెరుగుటకు చిరకాలము వీలు లేకపోయినది. ఉత్తర భాగపు వీధులు మోటారుబండ్లు పుట్టకముందటివి. కాలినడకకును, పల్లకీకిని, గుఱ్ఱపుబండికిని ఏర్పడినవి. కాలినడకకు ఏర్పడిన ఊరిలో మనుష్యునకు కావలసినవన్నియు నడచిపోగల దూరముననే యుండవలెను గదా! ఈ చిన్న సంగతి మాకు ముందు తట్టలేదు.

మేము చేసిన పొరపాటు ఇది. పల్లెటూరి అలవాటు చొప్పున గాలియు వెలుతురును గల గదికొరకు వెదకితిమి. నగరపు అంచున, లోకల్ రైలు దారిలో, రెండు కిటికీలు, ముందొక వసారా గల గది దొరకినది. అద్దె చవుక. చేటంత మొగముతో ఇంటికి తిరిగివచ్చి వదినగారికి ఆ వసారాను వర్ణించి చెప్పితిమి. అమ్మాయికి మాత్రము పోవుటకును వచ్చుటకును కలిపి దినమునకు మూడు గంటలు రైలులోనే గడచిపోవుచుండెను. సియాల్దా స్టేషనులో సాయంత్రపు రైలు తప్పినచో ఇల్లు చేరుసరికి చీకటిపడును. అందుచేత తరగతి ముగియగానే పరుగు. గ్రంథాలయము లేదు, తోటివారితో కలిసి లెక్కలు చేయుట లేదు. మొదటి పరీక్షలో మార్కులు చాల తక్కువగా వచ్చినవి. చదువు మాని వచ్చెదనేమో అని ఒకనాటి రాత్రి ఫోనులో అన్నది. మరునాడు మేము గట్టిగా అడుగగా ఆమె చెప్పిన మాట యిది: "గది బాగానే ఉంది చిన్నాన్నా. నేనే అందులో ఉండడం లేదు."

వెంటనే బయలుదేరి వెళ్ళితిమి. ఈ సారి కాలేజీ వీధికి ఏడు నిమిషముల నడకలో మరి యిద్దరు బాలికలతో కలిసియుండు గది చూచితిమి. మంచము, గోడలో ఒక అర, పుస్తకములకు ఒక పెట్టె. కిటికీ తెరచినచో ప్రక్కయింటి గోడ. అద్దె మొదటిదానికంటె ఎక్కువే. మాకు ఏడుపు వచ్చినంత పనియైనది. అమ్మాయి మాత్రము ఆ సాయంత్రమే గ్రంథాలయమునకు పోయి, మూయువేళకు తీరికగా నడచివచ్చినది. పాతనగరమున మనము అద్దె యిచ్చునది గదికి కాదు, దాని వాకిటి నుండి మొదలగు వీధికి.

ఆ వీధిని గూర్చి కొంత చెప్పవలెను. 1817లో హిందూ కళాశాలగా ఆరంభమైన ప్రెసిడెన్సీ, 1824 నాటి సంస్కృత కళాశాల, 1835 నాటి వైద్య కళాశాల, 1857లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము, అన్నియు అచ్చట ఇరుగుపొరుగులు. వాటి ప్రహరీలను ఆనుకొని పాతపుస్తకముల కొట్లు. వెనుక సందులో కాఫీ హౌసు. ఒక చోట పాఠము, ఒక చోట పుస్తకము, ఒక చోట వాదోపవాదము, ఇవి వేరువేరు ప్రయాణములు కాక ఒక్క నడకలో ముగియును.

దీనికి మన వైపు దృష్టాంతమే కలదు. గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు విశాఖపట్టణమున చదివినవారు. వేకువను నాలుగు గంటలకు లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి యిచ్చిన తల్లికి ఆయన తరువాతి కాలమున ఒక గ్రంథమును అంకితమిచ్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము ముగించి ఆయన కలకత్తాకు పోయినది చదువునకు కాదు, యుద్ధకాలపు ఉద్యోగమొకటి దొరకునేమోనని. ఆ ఉద్యోగము దొరకలేదు. అచ్చట తారసపడిన ఒక యువకుడు తాను శిక్షణ పొందుచున్న భారత గణాంక సంస్థను చూపించెను. 1931లో మహలనోబిస్ పండితుడు స్థాపించిన ఆ సంస్థ నాడు ప్రెసిడెన్సీ కళాశాలలోనే యుండెడిది. 1941 జనవరి 1న రావుగారు అందులో చేరిరి. ఆ సంవత్సరమే కలకత్తా విశ్వవిద్యాలయము గణాంకశాస్త్రమున ఎం.ఏ. తరగతులు ప్రారంభింపగా అందులోను చేరి, 1943లో స్వర్ణపతకముతో ఉత్తీర్ణులైరి. ఆ రోజులెట్టివనుకొనుచున్నారు? 1942 ఏప్రిలులో విశాఖపైన, ఆ డిసెంబరులో కలకత్తాపైన జపాను బాంబులు పడినవి. 1943లో వంగదేశమున ఘోరమైన క్షామము. అట్టి ఊరిలో నిలిచి చదివి, 1945లో అచ్చటి గణితసంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రపంచమంతట పాఠముగా చెప్పబడుచున్నది. దానికే 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి లభించినది. ఆ యేటి ఆగస్టులో 102 ఏండ్ల వయస్సున వారు గతించిరి. ఒక దూరపు పేటలో బస చేసియుండినచో ఆ యువకుడు తారసపడునా అని మా అన్నగారు అడిగిరి. చెప్పజాలము గాని, ప్రశ్న మంచిదే.

ఇక ఇల్లు వెదకువారికి. అచ్చటి ఇంటి సంఖ్యలలో అడ్డగీతలు మెండు. 25 అను ఇల్లు అన్నదమ్ములు పంచుకొనగా 25/1, అది మరల చీలగా 25/1ఏ. 25 ప్రక్కన 26 ఉండునని నమ్మి మేము ఒక మధ్యాహ్నమంతయు తిరిగితిమి. మూలనున్న తేనీటి దుకాణమున అడుగుట ఉత్తమము. పది మంది ఒక వంటతో కాపురముండు 'మెస్' ఇండ్లు శరత్‌బాబు నవలలను చక్రపాణిగారి తెలుగులో చదివిన వారికి కొత్త కావు. అట్టివి తగ్గినవి గాని ఇంకను ఉన్నవి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడక ఏ గదికిని బయానా ఇయ్యరాదు. నీరు ఏ వేళకు వచ్చునో, వాకిలి ఎన్ని గంటలకు మూయుదురో, కరెంటు ఖర్చు ఎవరిదో ముందే అడుగవలెను. మొదటి గది యజమాని మా బయానాలో సగమే తిరిగి యిచ్చెను. కాగితము వ్రాసికొనకపోవుట మా లోపము.

భోజనము చిన్న విషయము కాదు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టుకొని తిను జిల్లా మనది. అయినను ఆవనూనెతో వండిన కూర వాసన మా అమ్మాయికి మూడు వారములు పడలేదు. తెలుగువారు చిరకాలముగా స్థిరపడిన ఖరగ్‌పూరు రైలుదారిలోనే యున్నది. కలకత్తాలో లేక్ మార్కెట్టు వద్ద దక్షిణాది సరకులు దొరకును. నెలకొకసారి చింతపండు, కందిపొడి తెచ్చుకొనుటతో సరిపోవును.

భాష భయపెట్టదు. సగము మాటలు మనకు తెలిసినవే; 'అ'కారమును 'ఒ'కారముగా పలుకుదురు, అంతే. జలము జొల్ అగును. మా అమ్మాయి పేరు లక్ష్మి గనుక ఆమె అచ్చట లొక్ఖి. మొదట కోపగించుకొన్నది, ఇప్పుడు ఆ పేరు పిలిచినచో నవ్వుచున్నది.

వానకాలమున కాలేజీ వీధిలో మోకాలిలోతు నీరు నిలుచుట అరుదు కాదు. 2020 మే నెలలో అంఫాన్ తుఫానునకు అచ్చటి పుస్తకములు వీధిలో తేలినవి. 2018లో తిత్లీని చూచిన మనకు తుఫాను కొత్త కాదు గాని, సందులో నిలిచిన నీరు కొత్త. పుస్తకపు పెట్టె నేలమీద పెట్టరాదు.

ప్రయాణము మాత్రము సుకరము. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను హౌరా మార్గముననే యున్నది. హౌరా నుండి నదిక్రిందుగా మెట్రోరైలు 2024లో నడువనారంభించి, 2025లో సియాల్దా వరకు కలిసినది. అయితే దుర్గాపూజకు విద్యాలయములన్నియు ఒక్కసారి మూతబడును. ఆ రైళ్ళలో చోటు దొరకదు. టిక్కెట్టు 60 దినములు ముందుగా ఇచ్చుట మొదలుపెట్టిన ఉదయమే తీసికొనవలెను.

ఈ సంవత్సరము మేము ఆ ఉదయమున సిద్ధముగానే కూర్చుంటిమి. మా వదినగారు అమ్మాయికి వచ్చుటకు కాక, తాను పోవుటకు టిక్కెట్టు తీయుమన్నారు. సంచిలో కందిపొడి, చింతపండు, ఒక చిన్న ఇత్తడి గిన్నె. ఆ మూడు మంచముల గదిలో ఎక్కడ పడుకొందురని అడిగితిమి.

"పిల్ల సర్దుకుంది కదా బాబూ, నేను సర్దుకోలేనా?" అన్నారు.