ఏరియల్ మొన మూగది!

పిల్లలూ! పూతలపట్టు మామిడితోట మీద ఎగిరే డ్రోను సంకేతం అందక తడబడిందనుకోండి. మీరేం చేస్తారు? కంట్రోలరు ఏరియల్ మొనను దానివైపు గురిపెడతారు. అదే పొరపాటు! కడ్డీ ఏరియల్ తరంగాలను చుట్టూ పక్కలకు వెదజల్లుతుంది. మొన వైపు దాదాపు ఏమీ పోదు. కడ్డీ పక్కభాగమే డ్రోనుకు ఎదురుగా ఉండాలి.

ఇంకా దూరం కావాలా? యాగీ ఏరియల్ ఉంది. అది శక్తిని పుట్టించదు; టార్చిలైటు అద్దంలా ఉన్నదాన్నే ఒకవైపుకు మళ్లిస్తుంది. ఆ దిక్కున సంకేతం నాలుగింతలైతే, అడ్డంకులు లేనిచోట దూరం రెండింతలవుతుంది. డ్రోను పక్కకు తప్పుకుందో, చిక్కే!

పూతలపట్టు నుంచి తిరుపతి వెళ్లే దారిలో గాదంకి వస్తుంది. వాతావరణాన్ని పరిశోధించే అక్కడి రాడారుకు యాగీలు 1024! దాని 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5.7 మీటర్లు, అందుకే అవి అంత పెద్దవి. డ్రోను వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 12.5 సెంటీమీటర్లే. మీ యాగీ చేతిలో పట్టుకునేంతే ఉంటుంది.