వాడిపోతున్న చింత బోన్సాయ్‌కి ముందు కావాల్సింది జీవామృతం కాదు, గాలి



మొక్క నీరసంగా కనిపిస్తే చాలు, మనలో చాలామంది జీవామృతం డ్రమ్ము వైపు చూస్తాం. పొలంలో అది సరే. కానీ లోతు లేని ట్రేలో పెంచే చింత బోన్సాయ్ ఆకు రాల్చి, చిగురు వేయకుండా ఆగిపోయినప్పుడు అదే పని చేస్తే, పది పదిహేనేళ్లు పెంచిన చెట్టు చేజారిపోవచ్చు. ఎందుకో చూద్దాం.

ముందు చెట్టు బతికి ఉందా?

చింతాకు రాత్రిపూట ముడుచుకుంటుంది, అది జబ్బు కాదు. ఎండాకాలంలో పాత ఆకు రాల్చి కొత్త చిగురు వేయడం కూడా మామూలే. కానీ పట్టపగలు, మట్టి తడిగా ఉన్నా ఆకులు ముడుచుకునే ఉంటే వేరులో ఏదో తేడా ఉన్నట్టు.

సన్నకొమ్మ బెరడుని గోటితో కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికి ఉంది. పొడిగా, గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందకి వచ్చి చూడండి. మొదలు చుట్టూ ఎక్కడా పచ్చిపొర లేకపోతే ఆశ వదులుకోవాల్సిందే. ఒక్క పక్క పచ్చగా ఉన్నా ప్రయత్నించొచ్చు.

అసలు జబ్బు ఎక్కడుంది?

వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. మట్టిలో గాలి సందులన్నీ నీళ్లతో నిండితే వేరు కుళ్లిపోతుంది, ఇక నీళ్లు తాగలేదు. అందుకే తడి మట్టిలో ఉన్నా చెట్టు వాడిపోతుంది. మనం నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం.

ట్రేలో ఈ సమస్య ఎక్కువ. వీడియోలో స్పాంజితో చూపించాను. నీళ్లలో ముంచిన స్పాంజిని పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. లోతు తక్కువైతే అడుగున నీళ్లు నిలిచిపోతాయన్నమాట. అందుకే లోతు లేని ట్రేకి ముతక మిశ్రమం కావాలి, పొలం మట్టి పనికిరాదు.

జీవామృతంలో బెల్లం, పిండి, పేడ ఉంటాయి. వాటిని తినే సూక్ష్మజీవులకీ గాలి కావాలి. ఎకరానికి 200 లీటర్లు పారిస్తే నేల తట్టుకుంటుంది. నీళ్లు నిలిచిన ట్రేలో పోస్తే మిగిలిన కాస్త గాలి కూడా అయిపోతుంది.

ఇప్పుడు ఏం చేయాలి?

1. ట్రే అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి చూడండి. పోసిన నీళ్లు వెంటనే కిందకి రావాలి.

2. రాకపోతే చెట్టుని మెల్లగా బయటికి తీయండి. నల్లగా, మెత్తగా, వాసన వచ్చే వేర్లు మాత్రమే శుభ్రమైన కత్తెరతో తీసేయండి. మంచి వేరుని ముట్టుకోవద్దు. చింత పప్పుజాతి కుటుంబమే అయినా వేరు బుడిపెలు కట్టదు. బుడిపెలు కనిపిస్తే నులిపురుగులని అనుమానించండి.

3. ఇటుక ముక్కలు 3 పాళ్లు, ముతక ఇసుక 1 పాలు, బాగా మాగిన కంపోస్టు 1 పాలు కలపండి. ఇటుక ముక్కలు జొన్నగింజ నుంచి శనగగింజ సైజు ఉండాలి. దుమ్ము జల్లెడ పట్టి తీసేయాలి.

4. కొత్త ఆకు ముదిరే దాకా బతికున్న కొమ్మ కత్తిరించొద్దు, తీగ చుట్టొద్దు. ఆ ఆకులే వేరుకి అన్నం పెట్టేవి.

5. పిండినల్లి ఉంటే తడి బ్రష్‌తో తుడిచేయండి.

మన దగ్గరున్న ఆసుపత్రి: పొలం

అపార్ట్‌మెంట్‌లో బోన్సాయ్ పెంచేవాళ్లకి లేనిది మనకుంది, నేల. జబ్బుపడ్డ చెట్టుని మళ్లీ ట్రేలోకి కాకుండా, అడుగు ఎత్తు మట్టిదిబ్బ చేసి దాని మీద నాటండి. నీళ్లు నిలవవు, వేరుకి చోటు దొరుకుతుంది. తొలకరి మంచి సమయం. నడి వేసవి అయితే అప్పటిదాకా లోతైన కుండీలో, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచండి. దిబ్బ మీద నాటాక మూడు నాలుగు వారాలు కొబ్బరాకు నీడ కట్టండి. చెదలు రాకుండా గమనించండి. కనీసం ఏడాది అక్కడే వదిలేయండి. ఆకారం కాస్త చెడుతుంది, ఫరవాలేదు. తర్వాత దిద్దుకోవచ్చు.

కొత్త ఆకు ముదిరాక జీవామృతం మొదలుపెట్టండి. వడకట్టి, ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి, 15 రోజులకోసారి కొంచెం. అప్పుడు తినడానికి వేరు ఉంటుంది కాబట్టి పని చేస్తుంది.

ట్రేలో ఉన్నంత మాత్రాన చెట్టు ఆయుష్షు తగ్గదు. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఉన్న యమకి పైన్ అనే జపాన్ బోన్సాయ్‌ని 1625 నుంచి పెంచుతున్నారు. 1945లో హిరోషిమా మీద బాంబు పడినా అది బతికింది. వేరు బాగున్నంత కాలం చెట్టు బాగుంటుంది. బోన్సాయ్‌లు అమ్మే రైతులు చెట్టుతో పాటు ఈ మాట కూడా కొన్నవాళ్లకి చెప్పి పంపండి. చెట్టు బతికితేనే వాళ్లు మళ్లీ మన దగ్గరికి వస్తారు.