పాత డిస్కులకొక గుమాస్తా

ఎన్‌కార్టా యనునది మైక్రోసాఫ్టు సంస్థ 1993వ సంవత్సరమున వెలువరించిన విజ్ఞానసర్వస్వము. అది గ్రంథరూపమున గాక, 12 సెంటీమీటర్ల వెడల్పుగల సీడీ డిస్కుపై వచ్చెను. అట్టి డిస్కుపై దాదాపు 650 మెగాబైట్లు, అనగా ఇంగ్లీషు అక్షరములుగా లెక్కించినచో 65 కోట్లు, పట్టును. ఆ ప్రచురణ 2009లో నిలిచిపోయినది గాని, నాటి డిస్కులను బీరువాలలో భద్రపరచుకొన్నవారు నేటికిని గలరు. దానిని తీసి కంప్యూటరులో నుంచినచో నేమగును? డిస్కు గిర్రున తిరుగును. ప్రోగ్రాము మాత్రము మొదలుకాదు. చెడిపోయినదని భ్రమించి పారవేయువారు కలరు. పారవేయకుడని చెప్పుటకే యీ ప్రసంగము.

లోపము డిస్కునందు లేదు. డిస్కు నుంచినంతనే ప్రోగ్రాము దానంతట ప్రారంభమగు నేర్పాటు 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో మొదలైనది. దానికొరకు తయారీదారులు డిస్కు మొదటి అరలోనే 'ఆటోరన్.ఐఎన్ఎఫ్' అను చిన్న చీటీని వ్రాసియుంచసాగిరి. అందు ముఖ్యమైనవి రెండే పంక్తులు: మొదటిది శీర్షిక, రెండవది ఫలానా ప్రోగ్రామును తెరువుమను ఆజ్ఞ. కంప్యూటరు చదివి అట్లే చేయును. అంతకు ముందటి డిస్కులపై ఈ చీటీ లేదు. ఇప్పుడు చేర్చుదమన్నను వీలుపడదు. కర్మాగారమున అచ్చొత్తిన డిస్కుపై ఒక్క యక్షరమైనను మనము వ్రాయజాలము.

కావున చీటీని డిస్కుపై గాక కంప్యూటరులోనే యుంచవలెను. మన చిన్న ప్రోగ్రాము చేయు పని యిదియే. దానిని గుమ్మమున గూర్చున్న గుమాస్తా యనుకొనుడు. డిస్కు వచ్చినపుడు విండోస్ తానే వార్త పంపును; గుమాస్తా మాటిమాటికి తొంగిచూడ నక్కరలేదు. వార్త రాగానే డిస్కు పేరును, దాని సంఖ్యను విండోస్‌ నడిగి తెలిసికొనును. పేరొక్కటి చాలదు, వేరువేరు డిస్కులకు ఒకే పేరుండుట కలదు. పిమ్మట దస్తరము విప్పి, ఆ పేరునకును సంఖ్యకును ఎదురుగ వ్రాసియున్న ప్రోగ్రామును నడపును. డ్రైవునకు కంప్యూటరు పెట్టు డి, ఇ వంటి అక్షరమును మాత్రము దస్తరమున వ్రాయరాదు. వేరొక డ్రైవు తగిలించినచో అది మారిపోవచ్చును. డిస్కు ఎచ్చట నున్నదో అప్పటికప్పుడే చూచుకొనవలెను.

దస్తరమున లేని డిస్కు వచ్చినచో? ఏమియు నడపరాదు. ఇది పిరికితనము కాదు. 2005లో సోనీ బీఎమ్‌జీ సంస్థవారి కొన్ని సంగీతపు డిస్కులు ఈ యేర్పాటునే వాడుకొని, కంటికి మరుగుగా నుండు ప్రోగ్రామును కంప్యూటర్లలో దించినవి. పెద్ద గొడవ పుట్టి, ఆ డిస్కులను సంస్థ వెనుకకు దీసికొనవలసివచ్చెను. 2008లో బయలుదేరిన కాన్ఫికర్ అను కంప్యూటరు పురుగు యూఎస్‌బీ డ్రైవులపై దొంగ చీటీలు వ్రాసియు వ్యాపించెను. అందుచే 2009 నాటి విండోస్ 7, యూఎస్‌బీ డ్రైవులపై నుండు చీటీల యాజ్ఞను పాటించుట మానెను. అతిథి తెచ్చిన చీటీకన్న ఇంటి యజమాని స్వయముగా వ్రాసికొన్న దస్తరమే మేలని నా యభిప్రాయము. తెలియని డిస్కు వచ్చినపుడు గుమాస్తా ఒక్కమారు అడుగవలెను. యజమాని చూచి సరేయన్న పిదపనే దస్తరమున కెక్కించవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఎన్‌కార్టా మొదటి కూర్పు వంటివి విండోస్ 3.1 నాటి 16 బిట్ల ప్రోగ్రాములు. 64 బిట్ల విండోస్ వానిని నడపదు. అట్టివాని కెదురుగ దస్తరమున డాస్‌బాక్సు పేరు వ్రాయవలెను. ఉచితముగా దొరకు ఈ ప్రోగ్రాము పాత కంప్యూటరు వేషము ధరించును. యజమాని తనయొద్దనున్న విండోస్ 3.1ను అందులో ఎక్కించుకొనవలెను. డిస్కు ఏ డ్రైవులో నున్నదో గుమాస్తా డాస్‌బాక్సునకు చెప్పవలెను. అంతట ఆ పాత విజ్ఞానసర్వస్వము మరల తెరపై తెరచుకొనును.