బుగ్గలో కరగు మందుపొర

మ్రింగిన మందు ప్రేగులనుండి రక్తములో చేరి, ముందుగా కాలేయమునకు పోవును. కొన్ని మందులు అచ్చటనే చాలవరకు నశించును. బుగ్గ లోపలివైపున సన్నని రక్తనాళములు విస్తారముగ నుండును. అచ్చట అంటించిన పలుచని పొరలోని మందు కాలేయమునకు పోకముందే నేరుగా రక్తములో కలియును.

దీర్ఘకాలపు తీవ్రమైన నొప్పికి వాడు బుప్రెనార్ఫిన్ పొరను అమెరికాలో 2015లో అనుమతించిరి. దానిని వాడువారు ముందుగా బుగ్గను నీటితో తడిపి, పొరను వ్రేలితో 5 సెకండ్లు అదిమి పట్టవలెను. అది 30 నిమిషములలో కరగును. అంతవరకు ఏమియు తినరాదు, త్రాగరాదు. త్వరగా పనిచేయునని నమలుట పొరపాటు; నమలినను, మ్రింగినను మందు చాలవరకు వ్యర్థమై, నొప్పి తగ్గకపోవచ్చును.

కరగిన పిదప నీటిని పుక్కిలించి మ్రింగవలెను. దంతములు చెడకుండుటకై, గంటసేపు ఆగి పండ్లు తోముకొనవలెను. ఇది మిక్కిలి తీవ్రమైన మందు. వైద్యుడు వ్రాసి యిచ్చినగాని వాడరాదు, పిల్లలకు అందనీయరాదు.